ఊరి చెరువును ఏడాది పొడవునా కాచుకోవడం ఎలా?

వరంగల్ నుంచి ములుగు వైపు వెళ్లినా, నర్సంపేట వైపు వెళ్లినా, హుజూరాబాద్ మీదుగా కరీంనగర్ వెళ్లినా దారి పొడవునా చెరువులూ కుంటలూ కనిపిస్తూనే ఉంటాయి. వీటిలో దాదాపు అన్నీ మనుషులు కట్టుకున్నవే. నాలుగు నెలలు కురిసే వానను మిగిలిన ఎనిమిది నెలలకు దాచుకోవడానికి పల్లానికి అడ్డంగా మట్టికట్ట పోసి, ఒకచోట పొలాలకు నీరు వదిలే తూము, మరోచోట చెరువు నిండాక ఎక్కువైన నీరు పొర్లిపోయే మత్తడి పెట్టి, పైచెరువు నిండి పొర్లిన నీరు కిందిచెరువులో చేరేలా గొలుసుకట్టుగా నిర్మించారు. రామప్ప గుడి శాసనం 1213 నాటిది. ఆ గుడికి దగ్గరలోని చెరువు, పాకాల చెరువు రెండూ కాకతీయ రాజు గణపతిదేవుని కాలానివే. ఎనిమిది వందల ఏళ్లు గడిచినా అవి నీరు నిలుపుతున్నాయంటే, ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు కట్ట మీద మట్టి వేశారని, తూము సరిచేశారని అర్థం.

చెరువు మనిషి కట్టినదే అయినా అందులో బతికేది మనిషి ఒక్కడే కాదు. కొర్రమీను, కొంగ, నీటికోడి, తామర, తుంగ, కట్ట కింది బావి, ఆ బావి ఊటతో పచ్చగా ఉండే చింతచెట్టు ఇవన్నీ మన పూర్వులు పోసిన ఆ కట్ట మీద ఆధారపడి ఉన్నాయి. కట్టను పట్టించుకోకపోతే కొన్నేళ్లలో చెరువు పూడిపోతుంది, లేదా గండిపడి ఖాళీ అవుతుంది. అందువల్ల ప్రకృతి జోలికి వెళ్లకుండా ఉంటే చాలునన్న మాట అడవి విషయంలో ఎంతవరకు నిజమైనా చెరువు విషయంలో నిజం కాదు. ఇక్కడ మనిషి చేయవలసిన పని ఉంది, అది ఏటేటా చేయవలసిన పని. రాజ్యాంగంలో 1976లో చేర్చిన 51ఏ అధికరణం అడవులు, సరస్సులు, నదులు, వన్యప్రాణులతో కూడిన సహజ పర్యావరణాన్ని కాపాడి మెరుగుపరచడం పౌరుని ప్రాథమిక విధి అని చెబుతోంది. ఆ విధిని మన ఊరిలో ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే, చెరువుకట్ట మీద మొదలుపెట్టండని చెబుతాను.

పూర్వం ఈ బాధ్యత ఒక ఏర్పాటుగా ఉండేది. తూము తెరిచి మూయడానికి, పొలాలకు నీరు పంచడానికి నీరటి ఉండేవాడు. చెరువు తవ్వించినవారికి, మరమ్మతు చేయించినవారికి దాని కింది భూమిలో దశబంధం పేరుతో మాన్యం దక్కేది. ఇప్పుడు ఆ ఏర్పాటు లేదు కనుక, ఊరిలో ఐదారుగురు కలిసి ఒక చిన్న బృందంగా ఏర్పడి, ఏడాది పొడవునా ఏ నెలలో ఏ పని చేయాలో తెలుసుకుని చేసుకుపోవాలి. ఆయకట్టు రైతులలో, అంటే చెరువు నీటితో సాగుచేసేవారిలో ఒకరు, మత్స్య సహకార సంఘం నుంచి ఒకరు, గొర్రెలూ బర్రెలూ మేపేవారిలో ఒకరు, చెరువుకు వచ్చే స్త్రీలలో ఇద్దరు అందులో తప్పకుండా ఉండాలి. ఒకే వర్గం చేతిలో ఉన్న చెరువుకు ఆ వర్గం అవసరమే కనిపిస్తుంది, తక్కినవి కనిపించవు.

ఎండాకాలంలో: నీరు వచ్చే దారిని నడిచి చూడండి

పని కట్ట దగ్గర మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది చెరువు పైభాగాన, నీరు పుట్టే చోట మొదలవుతుంది. ఏప్రిల్ చివరలో గానీ మే మొదట్లో గానీ, పొద్దున్నే, వయసు మళ్లిన రైతును ఒకరిని వెంటబెట్టుకుని, చెరువులోకి నీరు తెచ్చే ఒర్రెలనూ కట్టుకాలువనూ పట్టుకుని పైకి నడవండి. ఎక్కడ కాలువను దున్ని పొలంలో కలుపుకున్నారో, ఎక్కడ రోడ్డు వేసేటప్పుడు సన్నని పైపు పెట్టి వదిలేశారో, ఎక్కడ ఇళ్ల చెత్త, కోళ్లఫారం వ్యర్థం పడుతోందో, ఎక్కడ సర్కారు తుమ్మ మూసుకుపోయిందో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఫోనులో ఫొటో తీసి, ఆ చోటు గుర్తు కూడా నమోదు చేయండి.

ఒక లెక్క మనసులో ఉంచుకుంటే ఈ నడక విలువ తెలుస్తుంది. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీరు. చెరువుకు పైన ఒక చదరపు కిలోమీటరు పరీవాహక ప్రాంతం ఉండి, అక్కడ 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే, నేల మీద పడిన నీరు 10 కోట్ల లీటర్లు. అందులో కొంత ఇంకిపోతుంది, కొంత ఆవిరవుతుంది, మిగిలినది కాలువ పట్టి చెరువుకు రావాలి. కాలువ మూసుకుపోయి ఉంటే ఆ నీరు మాయం కాదు, ఎవరి ఇంట్లోకో చేరుతుంది. 2020 ఆగస్టులోనూ 2023 జూలైలోనూ వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగినప్పుడు ఈ సంగతి నగరమంతా చూసింది. నాలాలు ఇరుకైన చోట నీరు తన పాత దారిని వెతుక్కుంటూ ఇళ్ల మధ్యకు వచ్చింది.

కాలువల పూడికతీతను ఉపాధి పనుల కింద పెట్టించడానికి గ్రామసభలో తీర్మానం చేయించండి. కాలువలో సర్కారు తుమ్మను నరికి వదిలితే మళ్లీ చిగురిస్తుంది కనుక వేరుతో సహా తీయించాలి. కాలువ చెరువులో కలిసే చోట మాత్రం తుంగనూ జమ్మునూ మొత్తం పీకేయవద్దు. వేగంగా వచ్చే నీటిని అవి నెమ్మదింపజేస్తాయి; మట్టి అక్కడే దిగబడి, చెరువు లోపలికి పోయే పూడిక తగ్గుతుంది. నీరు పారడానికి నడుమ దారి వదిలి రెండు పక్కలా వాటిని ఉండనివ్వాలి.

హద్దును కాగితం మీద తెలుసుకోండి

చెరువు ఎంతవరకు ఉందన్న ప్రశ్నకు ఎండాకాలంలో కంటితో జవాబు దొరకదు. తహసీల్దారు కార్యాలయంలో గ్రామ నక్ష, సేత్వార్, పహాణీ వంటి భూమి రికార్డులు చూసి శిఖం భూమి, అంటే చెరువు నీరు నిలిచే భూమి, సర్వే నంబర్లు రాసుకోండి. నీటిపారుదల శాఖ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) దగ్గర ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే గీత, ఎక్కడ ఉందో అడగండి. వివరం ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. 2012 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు లేదా అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలి.

శిఖంలో సాగు చేసుకునే పేద రైతులు ప్రతి ఊరిలోనూ ఉంటారు. నీరు తగ్గాక అక్కడ పుచ్చకాయో కూరగాయలో పెట్టుకోవడం వేరు, మట్టి పోసి ఎత్తు చేసి ప్లాట్లు వేయడం వేరు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడితే ఊరు రెండుగా చీలిపోతుంది, ప్లాట్లు వేసేవారికి అదే కావాలి. మొదటివారితో కూర్చుని మాట్లాడండి. నీరు పెరిగినప్పుడు పంట మునుగుతుందని మత్తడిని పగలగొట్టకూడదన్న ఒక్క షరతుకు వారిని ఒప్పించండి. రెండోవారి విషయంలో లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

పూడిక తీయండి, కానీ గుడ్డిగా కాదు

2015లో తెలంగాణ ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులనూ కుంటలనూ పునరుద్ధరించాలని సంకల్పించారు. రైతులు తమ ట్రాక్టర్లతో పూడిక మట్టిని పొలాలకు తోలుకుపోవడం అప్పుడు ఉద్యమంలా సాగింది. ఒండ్రుమట్టి ఎర్ర చల్క నేలకూ దుబ్బ నేలకూ మేలు చేస్తుంది. ఆ నేలలకు లేని బంకదనాన్నీ తేమ పట్టుకునే గుణాన్నీ ఇస్తుంది. అయితే తీసేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను ఊరివాళ్లే దగ్గరుండి చూసుకోవాలి. ఎవరో చూస్తారని వదిలేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. మా ఊరి చెరువులో ఒక ఎండాకాలం, దూరం పోతే డీజిల్ ఎక్కువవుతుందని గుత్తేదారు కట్ట పాదం దగ్గరే లోతుగా తవ్వించాడు. మేమంతా కట్ట మీద నిలబడి చూశాం, ఒక్కరమూ వద్దనలేదు. ఆ శ్రావణంలో కట్ట వెనుక పొలంలో బురదనీరు ఉబికింది. రెండు రాత్రులు ఇసుక బస్తాలు మోసి కట్టను నిలబెట్టుకున్నాం గానీ, ఆ భయం ఇప్పటికీ పోలేదు.

కాబట్టి మొదటి జాగ్రత్త ఇది: కట్ట లోపలి పాదం నుంచి కనీసం పది పదిహేను మీటర్ల మేర, పెద్ద కట్ట అయితే ఇంకా దూరం వరకు, తవ్వకం జరగకూడదు. పని మొదలయ్యే ముందే సున్నంతో గీత గీయించండి. రెండోది, బంకమట్టి పొర కింద మొరం గానీ ఇసుక గానీ కనిపించిన వెంటనే ఆపించాలి. ఆ బంకమట్టే చెరువు అడుగున నీటిని పట్టి ఉంచే పొర. దాన్ని చీల్చితే నీరు నిలవదు. మూడోది, చెరువు అడుగును బల్లలా చదును చేయవద్దు. ఒకటి రెండు చోట్ల మడుగులు ఉండనివ్వండి. తూము మట్టానికి దిగువన నిలిచే నీరు పొలానికి పారదు గనుక దండగ అని కొందరు అంటారు. వైశాఖంలో చేపలు తలదాచుకునేది ఆ నీటిలోనే, పశువులు తాగేది ఆ నీరే.

మట్టిని పొలానికి తోలే ముందు ఒక గాజుసీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీరు పోసి బాగా కుదిపి ఒక రాత్రి కదపకుండా పెట్టండి. అడుగున ఇసుక, దాని మీద సన్నని మట్టి, పైన బంకమట్టి పొరలు విడిగా కనిపిస్తాయి. సగానికి మించి ఇసుకే ఉంటే దాన్ని మీ పొలానికి తోలడం వల్ల లాభం లేదు. ఒక ఎకరంలో ఒక సెంటీమీటరు మందాన పరచాలంటే 40 ఘనమీటర్ల మట్టి కావాలి. ట్రాలీకి మూడు ఘనమీటర్ల చొప్పున పదమూడు పద్నాలుగు ట్రాలీలు అవుతాయి. పట్టణపు మురుగు చేరే చెరువు మట్టి అయితే పరీక్ష చేయించకుండా పొలంలో వేయవద్దు.

మృగశిర రాకముందే కట్టను పరీక్షించండి

జూన్ మొదటి వారం దాటితే సమయం ఉండదు. కట్ట పొడవునా ఒకసారి పైన, ఒకసారి లోపలి వాలు మీద, ఒకసారి వెనుక పాదం వెంట, మూడుసార్లు నడవాలి. పందికొక్కుల బొరియలు, ఎండ్రికాయల రంధ్రాలు, పుట్టలు, పగుళ్లు, బండ్లు తిరిగి కుంగిన చోట్లు గుర్తుపెట్టండి. బొరియను పైపైన మూయడం వల్ల ఉపయోగం లేదు. దాన్ని చివరిదాకా తవ్వి, తడి బంకమట్టిని పొరలు పొరలుగా వేసి దిమ్మెసతో గట్టిగా కొట్టించాలి. కట్టను పట్టి ఉంచడానికి గరిక, వట్టివేరు మేలు. కట్ట నడినెత్తిన పెద్ద చెట్లు పెంచితే, అవి చచ్చిన తరువాత కుళ్లిన వేళ్ల సందుల్లోంచి నీరు దారి చేసుకుంటుంది. హరితం పేరుతో అక్కడ మొక్కలు నాటవద్దు. తాటి, ఈత, కానుగ వంటివి కట్టకు దూరంగా, శిఖం అంచున నాటుకోవచ్చు.

తూము షట్టరును పూర్తిగా ఎత్తి దించి చూసి, మరకు గ్రీజు పెట్టించండి. మత్తడి మీదా, దాని దిగువ కాలువలోనూ ఏ అడ్డూ ఉండకూడదు.

వానల్లో: మత్తడిని స్వేచ్ఛగా దుంకనివ్వండి

చెరువు నిండి మత్తడి దుంకిన రోజు ఊరికి పండుగ. చెరువుకు ముప్పు వచ్చేదీ ఆ రోజే. రెండు తప్పులు మన ఊళ్లలో తరచూ జరుగుతాయి. మరో అడుగు నీరు నిలుస్తుందన్న ఆశతో మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చడం ఒకటి. చేపలు కొట్టుకుపోతాయని మత్తడికి అడ్డంగా సన్న కన్నుల జాలీ కట్టడం మరొకటి. కొట్టుకొచ్చిన గడ్డి, గుర్రపు డెక్క, చెత్త ఆ జాలీకి పట్టుకుని గోడలా అడ్డుపడితే నీరు కట్ట మీదుగా పొర్లుతుంది, మట్టికట్ట మీదుగా నీరు పొర్లిందంటే గండి పడక మానదు. 2023 జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. అదే రోజు భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి మునిగింది. అటువంటి వాన మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. జాలీ కట్టక తప్పదని మత్స్యకారులు అంటే, పెద్ద కన్నులది కట్టి, వాన పడే రాత్రుళ్లు ఇద్దరు అక్కడే ఉండి చెత్త తీసే ఏర్పాటు చేసుకోవాలి, వాన ముదిరితే దాన్ని విప్పేయాలి.

భారీ వాన కురిసేటప్పుడు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని కట్ట వెనుక పాదాన్ని గమనిస్తూ ఉండండి. కారుతున్న నీరు తేటగా ఉంటే అది మామూలు ఊట, గమనిస్తే చాలు. అది బురదగా మారిందంటే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందని, అంటే బుంగ పడిందని అర్థం. అప్పుడు చాలామంది చేసే పని ఆ రంధ్రాన్ని వెనుక నుంచి బంకమట్టితో మూయడం. అది పొరపాటు; అక్కడ మూస్తే నీరు కట్టలోనే మరో దారి వెతుక్కుంటుంది. ఉబికే చోట మీద మొదట ముతక ఇసుక, దాని మీద కంకర, ఆపైన రాళ్లు వేసి, చుట్టూ ఇసుక బస్తాలతో బావి ఒరలా కట్టాలి. నీరు వడగట్టినట్టు తేటగా బయటికి రావాలి, మట్టి మాత్రం లోపలే ఆగాలి. చెరువు లోపలి వైపున సుడి కనిపిస్తే బంకమట్టి నింపిన బస్తాలు అక్కడ వేయాలి, కానీ నడుముకు తాడు లేకుండా ఎవరినీ నీటిలో దింపవద్దు. ఈ పని చేస్తూనే నీటిపారుదల శాఖకూ, కింది చెరువు ఊరికీ ఫోను చేయండి. గొలుసుకట్టులో పైచెరువు తెగితే కిందిది నిలవడం కష్టం.

తొలి వరదకు చేపలు గుడ్లతో ఎదురెక్కుతాయి. ఒర్రెల్లో, మత్తడి కింద, మడికట్ల సందుల్లో వాటిని గంపలతో పట్టడం మనకు అలవాటే. ఒక్క వారం ఆగమని ఊరిని ఒప్పించగలిగితే ఆ చెరువులో పరక, జెల్ల, కొర్రమీను వాటంతట అవే పెరుగుతాయి. కొర్రమీను మన రాష్ట్ర చేప కూడా. పెంపకం కోసం ఆఫ్రికా జాతి క్యాట్‌ఫిష్ పిల్లలను వదలవద్దు. వాటిని మన దేశంలో నిషేధించారు, అవి తక్కిన చేపలను తినేస్తాయి.

చెరువులో కలవకూడనివి

పత్తీ మిరపా ఎక్కువగా వేసే మన జిల్లాల్లో చెరువుకు పెద్ద ప్రమాదం పురుగుమందుల నుంచి వస్తుంది. మందు కొట్టే తైవాన్ పంపును చెరువులో ముంచి నింపడం, పని అయ్యాక తూము దగ్గర కడగడం పూర్తిగా మానాలి. నీటిని బిందెతో తెచ్చుకుని పొలం గట్టు మీదే మందు కలపండి. ఖాళీ అయిన మందు డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ కడిగిన నీటిని పంపులోనే పోసి అదే పంటకు కొట్టండి. తరువాత డబ్బాకు చిల్లు పొడిచి, మళ్లీ ఎవరూ వాడకుండా విడిగా భద్రపరచండి.

మురుగునీరు, సబ్బునురుగు, యూరియా కలిసిన పొలం నీరు చెరువుకు చేరితే నత్రజని, భాస్వరం పెరిగి గుర్రపు డెక్క ఏపుగా అల్లుకుంటుంది. కింది నీటికి వెలుతురు అందదు, కుళ్లిన ఆకు ఆక్సిజన్‌ను తినేస్తుంది, ఒక తెల్లవారుజామున చేపలు తేలుతాయి. గుర్రపు డెక్కను పూత రాకముందే గట్టుకు లాగి ఎండబెట్టి ఎరువు చేసుకోవాలి. దాని మీద కలుపుమందు కొట్టించడం అన్నిటికన్నా చెడ్డ మార్గం. అయితే మురుగు కాలువను మళ్లించకుండా డెక్కను మాత్రమే తీయడం తెగని పని. మురుగును ముందు ఒక ఇంకుడుగుంతలోకో, తుంగ పెంచిన మడిలోకో పారించండి.

చెరువు అందం గురించి కూడా ఒక మాట చెప్పాలి. చెరువు చుట్టూ కాంక్రీటు గోడ కట్టి, నడకదారి వేసి, రంగుదీపాలు పెట్టడమే అభివృద్ధి అన్న భావన పట్టణాల నుంచి ఊళ్లకు పాకుతోంది. కట్ట మీద నడకదారికి ఎవరూ అభ్యంతరం చెప్పనక్కరలేదు. కానీ కట్టకు ఎదుటివైపు, నేల మెల్లగా వాలుతూ నీటిలో కలిసే ఆ బురద అంచే చెరువుకు ప్రాణం. కొంగలు నిలబడి వేటాడేది అక్కడే, చేపలు గుడ్లు పెట్టేది అక్కడి గడ్డిలోనే, గొర్రెలు నీటికి దిగేది ఆ వాలు మీదుగానే. ఆ అంచును నిలువు గోడగా మార్చే ప్రతిపాదన వస్తే గ్రామసభలో గట్టిగా వ్యతిరేకించండి. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థకూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మీ చెరువు పిట్టలనూ, చేపలనూ, మొక్కలనూ మీ ఊరి పేర్లతోనే అందులో రాయించండి. అప్పుడు మీ వాదనకు కాగితం కూడా తోడవుతుంది.

పండుగలను చెరువుకు మేలు చేసేలా జరపండి

వినాయక చవితికి చెరువు మట్టితోనే విగ్రహం చేయించండి; నిమజ్జనంతో ఆ మట్టి మళ్లీ చెరువులోనే కలుస్తుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీటిలో తేలికగా కరగదు, దాని మీది రంగుల్లో సీసం వంటి భారలోహాలు ఉండవచ్చు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్గదర్శకాలు ఆ విగ్రహాలను వద్దన్నాయి. యువజన సంఘాలతో ఈ మాట పండుగకు రెండు నెలల ముందే మాట్లాడాలి, విగ్రహానికి బయానా ఇచ్చాక ఎవరూ వెనక్కి తగ్గరు.

బతుకమ్మ విషయంలో చెప్పవలసినది ఇంకొంచెం ఉంది. గునుగు, తంగేడు, కట్ల, బంతి, గుమ్మడి పూలు ఏవీ చెరువుకు హాని చేసేవి కావు. మనం దిగులు పడవలసింది ఆ పూలు దొరకకపోవడం గురించి. గునుగు చేలల్లోనూ బీడుల్లోనూ తనంతట తాను మొలిచే మొక్క. గట్లన్నిటి మీదా కలుపుమందు కొడుతుండటంతో అది మొలిచే చోట్లు తగ్గిపోతున్నాయి. కనీసం చెరువు చుట్టూ, పొలం గట్ల మీద, బాట పక్కన మందు కొట్టకుండా వదలండి. తంగేడును కొమ్మలతో విరచవద్దు. పూలు మాత్రమే కోసి, ప్రతి పొదలో సగం పూత కాయ కట్టడానికి వదిలేయాలి. తంగేడు పువ్వు తేనె ఇవ్వదు, పుప్పొడే ఇస్తుంది. పెద్ద నల్ల తుమ్మెద వచ్చి రెక్కల కండరాలతో పువ్వును ఝుమ్మని కంపింపజేస్తేనే ఆ పుప్పొడి రాలుతుంది. ఎండు మోడుల్లో తొలుచుకున్న రంధ్రాలే ఆ తుమ్మెదకు ఇల్లు కనుక, చెరువు పక్కన ఎండిన మోడు ఒకటి రెండు ఉంటే వాటిని నరకవద్దు.

బతుకమ్మలో ప్లాస్టిక్ పూలు, థర్మకోల్ పళ్లెం, మెరుపు కాగితం లేకుండా చూసుకోండి. చిన్న కుంట అయితే సద్దుల బతుకమ్మ మర్నాడు పొద్దున పూలను గట్టుకు తీసి ఎరువుగుంతలో వేయండి. ఎక్కువ పూలు ఒకేసారి కుళ్లితే తక్కువ నీటిలోని చేపలకు ఊపిరి అందదు.

యాసంగికి నీటి లెక్క వేయండి

దీపావళి దాటాక ఆయకట్టు రైతులందరూ కట్ట మీద కూర్చోవాలి. ఉన్న నీటిని బట్టి ఎంత భూమికి నీరు ఇవ్వాలో ముందుగానే తేల్చుకునే తైబందీ పద్ధతి మన పెద్దలకు తెలిసినదే. వరికి పంటకాలంలో సుమారు 1200 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే, ఒక ఎకరానికి దాదాపు 48 లక్షల లీటర్లు అవుతుంది. పెసర, మినుము, నువ్వు వంటి ఆరుతడి పంటలకు అందులో కొంతభాగమే సరిపోతుంది. నీరు సగమే ఉన్న ఏడాది తూము కింది సగం భూమిలో వరి, మిగతా సగంలో ఆరుతడి పంట వేసుకుని, తరువాతి ఏడాది వంతు మార్చుకుంటే ఎవరికీ అన్యాయం జరగదు. ఈ ఒప్పందాన్ని నోటిమాటగా వదలకుండా పుస్తకంలో రాసి సంతకాలు పెట్టించండి.

ఆ సమావేశంలోనే మరో నిర్ణయం జరగాలి. తూము దగ్గర ఒక రాతికి అడుగుల చొప్పున గీతలు వేయించి, కింది గీతల్లో ఒకదానికి ఎర్రరంగు పూయించండి. నీరు ఆ గీతకు దిగిన రోజు తూము మూయాలి. ఆ గీతకు దిగువన మిగిలిన నీరు పొలానిది కాదు. పశువులది, పిట్టలది, మడుగులోని చేపలది, కట్ట కింది బావులది. మోటార్లు పెట్టి ఆ నీటిని తోడకూడదని కూడా రాసుకోవాలి. మొదటి ఏడాది దీనిని ఒప్పించడం కష్టం, పొట్ట దశలో ఉన్న వరికి ఒక్క తడి కావాలని అడిగే రైతు ముందు నిలబడటం ఇంకా కష్టం. అందుకే ఈ గీతను నాట్లకు ముందే నిర్ణయించాలి, నాట్ల విస్తీర్ణం దానికి లోబడి ఉండాలి.

బృందంలో ఒకరు ప్రతి ఆదివారం నీటిమట్టాన్ని పుస్తకంలో రాయాలి. వాన పడిన రోజు ఎంత పడిందో, మత్తడి ఎప్పుడు దుంకిందో, తూము ఎప్పుడు తెరిచి ఎప్పుడు మూశారో, చలికాలపు వలస బాతులు ఎప్పుడు వచ్చాయో కూడా అందులోనే ఉండాలి. ఎర్ర గీత దగ్గర తూము మూసిన తేదీ రాశాక, ఆ పుస్తకాన్ని వచ్చే ఏడాది బాధ్యత తీసుకునేవారికి అప్పగించి, ఒర్రెల వెంట నడవడానికి ఒక తెల్లవారుజామును వారితో కలిసి నిర్ణయించుకోండి.